మద్దెల నిజంగానే ఓడైతే?

సామెతలంటే నాకు చిన్నప్పటినుంచీ భయభక్తులు. నవల రాస్తూండగా ఏ పాత్రయినా నోరు విప్పనని మొరాయిస్తే, దాని చేతిలో ఒక సామెత పెడతాను. అంతే, గలగలా మాట్లాడేస్తుంది. అలాంటి నేను ఈమధ్య ఒక సామెతతో తగువు పెట్టుకున్నాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు" అనే మాట మీ ఇంట్లో ఎవరో ఒకరు వారానికి ఒక్కసారైనా అంటూనే ఉంటారు. చేతకానివాళ్లు పనిముట్టు మీద నేరం మోపుతారని దాని భావం. నిజమే, మోపుతారు. కానీ మద్దెల నిజంగానే ఓడైతే? పాపం, ఆడేదాని గతేమిటి? సామెత ఆ సంగతి చెప్పదు.

తగువుకు మూలకారణం మా అమ్మాయి. డిగ్రీ రెండో సంవత్సరం. మూడేళ్ల నుంచి బేస్ గిటారు వాయిస్తోంది. "గిటారా, అయితే పాటలు పాడుతుందన్నమాట" అంటారు వచ్చినవాళ్లు. కాదండీ. మనకు తెలిసిన గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగు. అవి లావుగా, పొడుగ్గా ఉంటాయి. పాట నడుస్తుంటే అడుగున ధుం ధుమ్మని మోగేది ఇదే. కాలేజీ కుర్రాళ్ల బృందంలో బేస్ వాయించేవాళ్లు దొరకక ఈ పిల్లను కూచోబెట్టారు. అప్పుడు ఎనిమిది వేలు పెట్టి ఒకటి కొనిచ్చాం. మొన్న వేసవిలో ఒకరోజు వచ్చి, "అమ్మా, నా చేతులు ముందుకెళ్లాయి. ఇది రావట్లేదు. ఇంకోటి కావాలి" అంది.

నా నోటికి ముందు వచ్చింది ఆ సామెతే. అనేశాను కూడా. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మొహం నేను ఇదివరకు ఎక్కడో చూశాననిపించింది. రాత్రి గిన్నెలు సర్దుతూంటే గుర్తొచ్చింది. అది నా మొహమే.

నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారు ఒక పాత వీణ తెచ్చారు, ఎవరో బంధువులు వాడి మూలన పెట్టినది. వీణ మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి కదా. అసలే మన వరంగల్ ఎండలు. ఆ మైనం ఏనాడో మెత్తబడి, మెట్లు అటూ ఇటూ జరిగి ఉన్నాయి. నేను గాంధారం మీద వేలు పెడితే పలికేది గాంధారం కాదు. రెండేళ్లు అవస్థపడ్డాక, పాఠం చెప్పేవారు "పిల్లకు శ్రుతిజ్ఞానం లేదండీ" అని తేల్చేశారు. వీణ అటకెక్కింది. పెళ్లయ్యాక, తెలిసిన వైణికురాలు ఒకావిడ దాన్ని దింపించి చూసి, "దీనికి మేళం కట్టించి ఎన్నేళ్లయింది? దీనిమీద ఎవరు వాయించినా అపస్వరమే" అన్నారు. అప్పటికి ఇరవై ఏళ్లు నాకు చెవి లేదనుకుంటూ బతికేశాను. పాట కచేరీకి వెళ్లినా వెనక వరసలో కూచునేదాన్ని, నాకేం తెలుస్తుందిలే అని. మద్దెల ఓడని అనడం కూడా చేతకాని వయసులో, ఆడలేనిదాన్నని ఒప్పేసుకున్నాను.

అందుకని మర్నాడు పిల్లను పిలిచి, "నువ్వేం వాయిస్తున్నావో ముందు నాకు వినిపించు" అన్నాను. అది నవ్వింది. "అమ్మా, నీ ఫోన్లో పాటలు వింటే బేస్ వినపడదు" అంది. ఈ వాద్యంలో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుందట. అంత దిగువ ధ్వనిని ఫోనులోని వేలెడంత స్పీకరు పలికించలేదు. మూడేళ్లుగా మా ఇంట్లో ఆ పిల్ల సాధన చేస్తున్నా నేను విన్నదేమీ లేదన్నమాట. మా అత్తమ్మ నయం. "గా పిల్ల ఏం వాయిస్తదో నాకు సమజ్ గాదు గని, ఆపితే మాత్రం తెలుస్తది. మంచం చప్పబడ్డట్టు అయితది" అంది పక్క గదిలోంచి. అంతకన్నా మంచి నిర్వచనం ఏ సంగీత విమర్శకుడూ ఇవ్వలేడు.

పిల్ల తన పెద్ద ఇయర్‌ఫోన్లు నా చెవులకు తగిలించి 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు పెట్టింది. మన తరం వాళ్లకు ఆ పాటలు కంఠతా వచ్చు. పాడే గొంతు తెలుసు, వయొలిన్లు తెలుసు. "వాటిని వదిలెయ్. అడుక్కి దిగు" అంది. దిగాను. అక్కడ ఇంకొక పాట నడుస్తోంది! పల్లవికి తాళం వేసి ఊరుకోవడం లేదు. గొంతు పైకి వెళ్తే అది కిందికి దిగుతోంది, గొంతు ఊపిరి తీసుకుంటే ఆ సందులో తానొక మాట అంటోంది. ముప్పై ఏళ్లకు పైగా విన్న పాటలో సగం నేను వినలేదని తెలిసి సిగ్గేసింది.

ఇళయరాజా ఆ దిగువ వరసను కూడా తానే కాగితం మీద స్వరాలుగా రాసి ఇస్తారు. ఆయన బృందంలో చాలా ఏళ్లు దాన్ని వాయించినవారు శశిధరన్. రెహమాన్ పాటల్లో ఎన్నిటికో ఆ పని చేసినవారు కీత్ పీటర్స్. గాయకుల పేర్లు పది చెప్పగలిగిన మనం ఈ రెండు పేర్లూ ఎన్నడైనా అనుకున్నామా?

ఇక్కడ చాలామంది ఒక పోలిక తెస్తారు. బేస్ ఇంటి ఇల్లాలి వంటిదట, ఉన్నప్పుడు తెలియదట, లేనప్పుడే తెలుస్తుందట. వినడానికి తియ్యగానే ఉంది. నాకు మాత్రం నచ్చదు. వినపడకపోవడం ఆ వాద్యం గొప్పతనం కాదు. వినకపోవడం మన చెవుల లోపం. ఇల్లాలి సంగతీ అంతే. పోలిక చెప్పి పొగిడేవాళ్లు ఒకసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే బాగుండును.

ఈ వాద్యం పుట్టుకే పనిముట్టు మీద వచ్చిన ఫిర్యాదులోంచి. 1951కి ముందు దిగువ స్వరం కావాలంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించాలి. మోయడం కష్టం, మిగతా హోరులో వినపడడం కష్టం, మెట్లు లేని ఆ మెడ మీద వేలు సరిగ్గా పెట్టడం మరీ కష్టం. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ ఆ ఏడాది దాన్ని భుజాన తగిలించుకునే గిటారుగా మార్చి, మెడకు మెట్లు బిగించి, 'ప్రెసిషన్ బేస్' అని పేరు పెట్టాడు. మెట్లుంటే స్వరం తప్పదని ఆ పేరుకు అర్థం. ఆయనకు గిటారు వాయించడం రాదు! వాయించేవాళ్ల గోడు విన్నాడు, అంతే. ఆయన కూడా "ఆడలేక" అనుకుని ఊరుకుంటే ఏమయ్యేది?

ఆడవాళ్లకీ ఈ వాద్యానికీ ఏమిటి సంబంధం అనేవాళ్ల కోసం ఇంకో మాట. 1963లో హాలీవుడ్‌లో ఒక రికార్డింగుకు బేస్ వాద్యకారుడు రాకపోతే, అక్కడే గిటారు వాయిస్తున్న కేరల్ కే అనే ఆవిడ ఆ గిటారు అందుకుంది. పిల్లల తల్లి. ఆ తర్వాత ఆ దశాబ్దంలో అమెరికా ఊగిపోయిన పాటల్లో ఎన్నిటికో అడుగున మోగింది ఆమె చెయ్యే. మన దేశంలో, 1996లో బొంబాయిలో పుట్టిన మోహినీ డే చిన్నతనంలోనే తండ్రి దగ్గర బేస్ నేర్చుకుని పెద్ద పెద్ద వేదికలెక్కింది. మా అమ్మాయి గోడమీద సినిమా హీరో బొమ్మ ఉండవలసిన చోట ఆమె బొమ్మ ఉంది. నాకేమీ అభ్యంతరం లేదు.

మావారు మాత్రం సామెత పక్షమే. ఆయన కూడా ఏదో చదివి వచ్చారు. "డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అని ఒకాయన ఉండేవాడట. ఒకే ఒక్క చూపుడు వేలితో, 1962 నాటి ఒకే ఒక్క గిటారుతో ఎన్నో పాటలు వాయించాడట. తీగలు కూడా మార్చేవాడు కాదట. నీకెందుకమ్మా రెండోది?" అన్నారు. పిల్ల తడుముకోలేదు. "ఒక్కదానితో వాయించాడు నాన్నా, ఓడుదానితో కాదు" అంది. ఆ పూట మా ఇంట్లో సామెత ఓడిపోయింది.

అయితే పిల్ల మాట మీదే పర్సు తెరిచేంత అమాయకురాలిని కాను. కాజీపేట రైల్వే కాలనీలో ఉండే వాళ్ల గురువుగారి దగ్గరికి తీసుకెళ్లాను. రైల్వేలో చేసి రిటైరయిన పెద్దమనిషి. ఆయన గిటారును ఒళ్లో పెట్టుకుని డాక్టరులా చూశారు. "అమ్మా, కొత్తది కొనే ముందు పాతదానికి వైద్యం చేయాలె. చాలామంది రోగం ఒకటైతే మందు ఇంకోటి కొంటరు" అన్నారు.

ఈ గిటారు మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుందట. ఎండకూ వానకూ చెక్క వంగితే, ఆ కడ్డీని బిగించో వదులు చేసో మెడను దారికి తెస్తారు. ఆయన ఆ పని చేశారు, తీగల ఎత్తు తగ్గించారు, కొత్త తీగలు వేశారు. అరగంటలో సగం రోగం పోయింది. అంటే సామెత సగం నిజమే! తీగ మెట్లకు తగిలి చిరచిరలాడడం పిల్ల తప్పూ కాదు, గిటారు తప్పూ కాదు, పట్టించుకోని మా తప్పు.

తర్వాత అసలు పరీక్ష. తీగను 12వ మెట్టుకు సరిగ్గా పైన, నొక్కకుండా, తాకీ తాకనట్టు మీటితే ఒక స్వరం వస్తుంది. అదే మెట్టు మీద నొక్కి మీటితే వచ్చేదీ అదే స్వరం కావాలి. కాలేదు. కింది చివర తీగను ఆనించే చోట సవరించి ఆ రెంటినీ కలిపారు. కలిపినా పై మెట్లలో రెండు మూడు చోట్ల తేడా పోలేదు. "ఇక్కడ మెట్లే సరిగ్గ కొట్టలే. గిది మన చేతిల లేదు. బిడ్డ చెవి మంచిదమ్మా, అందుకే పట్టుకుంది" అన్నారాయన. వీణ దగ్గర నాకు ఎవరూ చెప్పని మాట అది. కళ్లు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగి, రైళ్లు చూస్తున్నట్టు నటించాను.

ఆ ఆదివారం ముగ్గురం కాజీపేటలో పొద్దున రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. కొట్లో గోడనిండా గిటార్లే. పట్టుచీరల దుకాణంలో మనకు ఎలా ఉంటుందో పిల్లకు అలా ఉంది. అమ్మే కుర్రాడు ఐదు తీగలది చూపించాడు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ వేస్తే మీటలు తిప్పి ధ్వని మార్చుకోవచ్చన్నాడు. నాకైతే నెమలికంఠం రంగుది ఒకటి తెగ నచ్చింది. గురువుగారు పిల్లకు ఒకటే చెప్పారు, "కళ్లు మూసుకో" అని.

కళ్లు మూసుకుని, ముందు కరెంటు పెట్టకుండా మీటింది. వట్టి చెక్కే ఎంతసేపు మోగుతుందో చూడాలట. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా, ఒక్కటీ వదలకుండా. మధ్యలో ఒకచోట స్వరం మూగబోతే ఆ గిటారు పక్కకు. ఆ తర్వాత భుజానికి పట్టీ వేసుకుని పావుగంట నిలబడాలి. ఈ వాద్యం నాలుగు కిలోల బరువుంటుంది, కూచుంటే తెలియదు. చెయ్యి వదిలితే మెడ నేలకు వాలిపోయేది ఒకటుంది, అదీ పక్కకే. తీగ మోగే పొడవు మామూలుగా 34 అంగుళాలు, 30 అంగుళాల పొట్టిరకం కూడా ఉంది. చెయ్యి చిన్నదైతే పొట్టిరకం తీసుకోవడం నామోషీ కాదన్నారాయన. బీటిల్స్ మెకార్ట్నీకి పేరు తెచ్చిన వయొలిన్ ఆకారపు గిటారు పొట్టిదేనట. అన్నిటినీ ఒకే స్పీకరు పెట్టెకు తగిలించి వినాలి. లేకపోతే మనం మెచ్చుకునేది పెట్టెనే అవుతుంది.

ఐదు తీగలది ఎందుకు వద్దన్నదో పిల్లే చెప్పింది. "నాలుగు తీగల్లో నేను చెప్పాల్సింది ఇంకా అయిపోలేదమ్మా." నవల రాసేదాన్ని, ఆ వాక్యం నాకు తట్టనందుకు అసూయ పడ్డాను.

చివరికి పిల్ల చెయ్యి ఆగింది గోధుమరంగు నాలుగు తీగల దాని మీద. మేం అనుకున్న ముప్పై వేలలోపే వచ్చింది. పేరు చెప్పను. పేరు చెబితే మీరు పేరే కొంటారు. మంచి వాద్యమంటే ఖరీదైనదీ కాదు, గొప్పవాళ్లు వాయించినదీ కాదు. తప్పు చేస్తే ఆ తప్పు మనదేనని నిజాయితీగా చెప్పేది. పాత గిటారు మీద తప్పు ఎవరిదో పిల్లకు తేలేది కాదు. అందుకే సగం రోజులు తనను తాను తిట్టుకునేది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా అన్యాయం లేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా ఇంట్లో మళ్లీ మంచం మోగుతోంది. అత్తమ్మ సంతోషం. మావారు ఆ సామెత మానేసి వేరేది వెతుక్కుంటున్నారు. నేను అటకమీది వీణ దింపించాను. మేళం కట్టేవారికి కబురు పెట్టాను. వచ్చేవారం వస్తామన్నారు.

మద్దెల బాగయ్యాక ఇక ఆడలేకపోతే ఎవరిమీదా నెట్టడానికి ఉండదు. మీతో కాబట్టి చెబుతున్నాను, కాస్త భయంగానే ఉంది.