‘గబ్బిలము’ పఠనము – వ్యాఖ్యాన సమస్య

చల్లపల్లి పరిసరాల కళాశాలల్లో చదివి మా తరగతికి వచ్చే విద్యార్థులకు, 1941లో వెలువడిన గుర్రం జాషువా ‘గబ్బిలము’ ఇచ్చి వ్యాసం వ్రాయమంటాము. కవి క్రైస్తవుడు గనుక ఇది క్రైస్తవ కావ్యమని చాలామంది మొదటి పుటలోనే తేల్చివేస్తారు. గైడు పుస్తకాల అలవాటు! మరి అరుంధతీసుతుని మొర శివునికెందుకు పోతున్నది? కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపగా ఇక్కడ గబ్బిలమే ఎందుకు? ఆలయద్వారము ఆ మనుష్యునికి మూయబడినది, గబ్బిలానికి మూయబడలేదు. కావ్యభారమంతా ఇక్కడే ఉన్నది. దీనిని చూడకుండా వ్రాసేది వ్యాఖ్యానం కాదు, మన అర్థాన్ని అందులో జొప్పించడమే. సందర్భం విడిచి వాక్యభాగాన్ని ప్రసంగించే బోధకునికీ ఈ విద్యార్థికీ మాకు భేదం కనబడదు. నిరుడు ఒకరు మాత్రం తన వ్యాసాన్ని కొట్టివేసి, గుడి చూరుకు వ్రేలాడే గబ్బిలంతో మళ్ళీ మొదలుపెట్టారు.