బాయిలర్ ముందు నిలబడ్డవాళ్లు

ఏప్రిల్ 5 జాతీయ సముద్రయాన దినం. ఆ మర్నాడు మా విశాఖకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కథ మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాన్ నౌకాదళం ముంచేసిన ఇరవైకి పైగా సరుకు ఓడల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. వాటిలో పనిచేసినవాళ్లు సైనికులు కారు, జీతానికి ఓడెక్కిన కళాసీలు.

ఆ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు తిండిగింజలు, పెట్రోలు, మందుగుండు చేరవేసిన వాణిజ్య నౌకల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు భారతీయులు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఇంజిన్ రూములో, సరంగు అనే మేస్త్రీ చేతికింద, బొగ్గు వేసేవారు.

ఆ పనిని వట్టి మోటుపని అనుకోకూడదు. కొలిమిలో బొగ్గు పలచగా, సమంగా, కొద్దికొద్దిగా పరవాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే చిమ్నీలోంచి నల్లటి పొగ లేస్తుంది. పగటిపూట ఆ పొగే శత్రు జలాంతర్గామికి ఆనవాలు. తక్కువ వేస్తే ఆవిరి పడిపోయి ఓడ కాన్వాయ్‌లో వెనకబడుతుంది. వెనకబడ్డ ఓడకు కాపలా ఉండదు. నీటిమట్టానికి దిగువన, పారపట్టిన చేతుల్లో అందరి ప్రాణాలూ ఉండేవి. టార్పెడో ఇంజిన్ రూముకు తగిలితే మాత్రం ఇనుప నిచ్చెనలెక్కి బయటపడడానికి వాళ్లకే వ్యవధి ఉండేది కాదు.

జీతమా, తెల్ల నావికుడికిచ్చేదాంట్లో మూడో వంతు కూడా కాదు. 1939లో పెంచమని పని ఆపితే కొందరిని జైల్లో పెట్టారు. పట్టు వదలకపోబట్టే కొంత పెరిగింది. బ్రిటిష్ నావికులకు సైతం 1941 దాకా ఓడ మునిగిన రోజుతోనే జీతం ఆగిపోయేది. అయినా బతికి బయటపడ్డ ఎందరో మళ్లీ ఇంకో ఓడ ఎక్కారు.

సముద్రంలో కలిసిపోయిన దాదాపు ఆరు వేలమంది భారతీయ వాణిజ్య నావికుల పేర్లు ముంబై, చిట్టగాంగ్ స్మారకాల పుస్తకాల్లో ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని పిల్లలకు చూపించి గర్వపడతాం, పడాలి కూడా. దాంతోపాటు ఈ కళాసీల కథా చెప్పాలి. సైన్యం పోరాడాలంటే ముందు సరుకు రేవుకు చేరాలి. దాన్ని చేర్చిన కూలివాడికీ యుద్ధచరిత్రలో పేరు పెట్టి చోటివ్వడం న్యాయం.