మదురై యాసలో ఒక నవ్వు: విల్బర్ సర్గుణరాజ్ పాటలు

హాస్యగీతం అనగానే మనకు సినిమా పాటే గుర్తుకు వస్తుంది. నిర్మాతా దర్శకుడూ లేకుండా, తనకు తోచిన వస్తువు మీద తానే పాట కట్టి, పాడి, జనంలోకి వదిలే గాయకుడు దక్షిణాదిలో ఇటీవలి దాకా అరుదు. రాజపాళయానికి బస్సులో సుమారు రెండు గంటల దూరంలో ఉన్న మదురై నుంచి అలాంటి వాడొకడు వచ్చాడు. ఆయన పాడేది ఇంగ్లీషులో, తమిళ యాసతో. అయినా తెలుగు విద్యార్థులు ఆయనను వినాలని మేము భావిస్తున్నాం.

తెల్లచొక్కా, టై, నల్లకళ్లద్దాలు. చూడటానికి పాటగాడికన్నా ఆఫీసు గుమాస్తాలా ఉంటాడు విల్బర్ సర్గుణరాజ్. తనను తాను ‘సింపుల్ సూపర్‌స్టార్’ అని చెప్పుకుంటాడు. 2010లో వచ్చిన ఆల్బం పేరూ అదే. ‘లవ్ మ్యారేజ్’, ‘చికెన్ 65’, ‘బ్లాగ్ సాంగ్’ వంటి పేర్లే వస్తువును చెప్పేస్తాయి.

వీటిలో ‘బ్లాగ్ సాంగ్’ మీద కాస్త ఆగాలి. మన పదకవితలో నాయిక చెలిని పంపి స్వామిని రమ్మని వేడుకుంటుంది. ఇక్కడ గాయకుడు తన బ్లాగు చూడమని శ్రోతను వేడుకుంటున్నాడు. ఆర్తి అదే, అడిగేది మాత్రం ఇంత చిన్నది. ఈ పొంతన లేనితనంలోనే హాస్యం పుట్టింది. కంప్యూటరు మాటలు మన పాటల్లోకి ఫ్యాషన్‌గా రావడం కొత్త కాదు. ఇక్కడ అవి ఒక మనిషి ఒంటరితనాన్ని మోసుకొస్తాయి.

మొదటిసారి విన్నవాడు యాసకు నవ్వుతాడు. రెండోసారి వింటే, ఆ నవ్వును పాడేవాడు ముందే లెక్క వేసుకున్నాడని తెలుస్తుంది. ఉచ్చారణ దిద్దుకోడు, క్షమాపణ చెప్పుకోడు. అయితే ఆల్బం మొత్తం ఒకే బిగిన వింటే అలసట తప్పదు. ‘ఫస్ట్ క్లాస్’ అన్న ఊతపదం నాలుగోసారి వచ్చేసరికి చమత్కారం అరిగిపోతుంది.

మనకు పనికివచ్చేది ఆ దిద్దుకోకపోవడమే. రాజపాళయం రాజుల ఇళ్లలో తెలుగు కొన్ని శతాబ్దాలుగా బతికే ఉంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి తెలుగును బయటివారి ముందు మాట్లాడటానికి మన పిల్లలు జంకుతారు. ‘అచ్చమైన’ తెలుగు కోస్తాలోనో హైదరాబాదులోనో ఉందనుకుంటారు. పక్కనే కోవిల్‌పట్టి ప్రాంతంలో తెలుగు మాతృభాషగా పెరిగిన కి. రాజనారాయణన్ నల్లరేగడి పల్లెల మాటను వచనంలోకి తెచ్చి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆ వచనం మాత్రం తమిళం.

తెలుగు పాటలో ఈ దారి లేకపోలేదు. కార్వేటినగరం సారంగపాణి ఇంటివాడుక మాటలతో, సామెతలతో కొంటె పదాలు కట్టాడు. 2020లో హైదరాబాదు చౌరస్తా బృందం కరోనా జాగ్రత్తల మీద చేసిన పాటను జనం పాడుకున్నారు. కానీ రాజపాళయం తెలుగులో విల్బర్ వంటివాడు మాకింకా వినబడలేదు.

వస్తువుకు కొదవా? తెలుగు లిపి రాని మన కుర్రవాడు ఫోనులో తెలుగును తమిళ అక్షరాలతో రాస్తాడు. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. వాడు ‘గాలి’ అని పంపితే అవతల ‘కాలి’ అని చదువుకోవచ్చు. ‘బాట’ అడిగితే ‘పాట’ రావచ్చు. ఇందులో ఒక పల్లవీ, కనీసం మూడు చరణాలూ ఉన్నాయి.