తక్కెడయు వంటయిల్లును: రెండు పోషకాహార పథకముల విమర్శ

ఒకచోట ఫలించిన సంఘోద్ధరణ పథకమును మఱొకచోటికి గొనిపోవుట ప్రభుత్వములకును, ఋణదాతలకును సహజముగా తోచెడి మార్గము. అందలి చిక్కు తెలియుటకు తమిళనాటి పోషకాహార పథకముకంటె తగిన నిదర్శనము అరుదు. నాయకరాజుల కాలమునుండి తెలుగువారు నెలకొనియున్న మధుర జిల్లాకును ఈ చరిత్రలో భాగము గలదు.

ప్రపంచ బ్యాంకు సాయముతో 1980లో ఆ పథకము ఆరంభమైనది. ఆరు నెలలు మొదలు ముప్పదియాఱు నెలలవఱకు వయసుగల బిడ్డలను నెలనెలా తూచెడివారు. బరువు పెరుగని బిడ్డకు మాత్రమే అదనపుటాహారము పెట్టెడివారు, తేఱుకొనగానే మానెడివారు. తూకపు పటమును చూపి తల్లికి బోధించెడివారు. తీవ్రమైన పోషణలోపము తగ్గినదని మూల్యాంకనములు తెలిపినవి.

ఆ మాదిరినే బంగ్లాదేశ్‌లో 1995 మొదలు 2002 వఱకు నడపిరి. పథకమున్న పల్లెలకును లేని పల్లెలకును చెప్పదగిన భేదము లేదని 2003లో సేవ్ ది చిల్డ్రన్ సంస్థ విమర్శించినది. ప్రపంచ బ్యాంకు మూల్యాంకన విభాగము సయితము 2005 నివేదికలో ఫలితము స్వల్పమనియే తేల్చినది. నాన్సీ కార్ట్‌రైట్, జెరెమీ హార్డీ అను విద్వాంసులు 2012లో వెలువరించిన గ్రంథమున ఈ వృత్తాంతమును ప్రసిద్ధము గావించిరి. ‘అచ్చట ఫలించినది’ అనుట వేఱు, ‘ఇచ్చట ఫలించును’ అనుట వేఱని వారి వాదము. బంగ్లా పల్లెలలో సంతకు పోయి సరకులు తెచ్చువాడు పురుషుడు; ఉమ్మడి కుటుంబమున ఎవరికెంత వడ్డింపవలెనో నిర్ణయించునది అత్తగారు; బోధ మాత్రము కోడలికి! కేంద్రమున తిన్న బిడ్డకు ఇంటియందు రావలసిన పాలు తఱచుగా మఱొకరి కంచమునకు చేరెడిది.

వాదము బలమైనదే. కాని అత్తగారి కథ మిక్కిలి సొంపుగా నుండుటచేతనే కొంత శంకింపదగియున్నది. తమిళనాట అత్తగార్లు లేరా? అచ్చటి తెలుగు ఇండ్లలోను గరిటె అత్తగారి చేతనే యున్న కుటుంబములు తక్కువ కావు. కావున భేదమును అత్తగారి ఉనికియందు గాక, కోడలికి గడప దాటు స్వేచ్ఛ యెంత, చేతిలో పైకమెంత అనుదానియందు వెదకవలెను. తెలిసియు ఆచరింపలేని తల్లులను గూర్చి 2005 నివేదిక చెప్పిన మాట ఇచ్చట ముఖ్యము: వారికి కొఱవడినవి ధనమును, తీరికయును. గర్భిణి విశ్రమింపవలెనని బోధించుట సులభము. కూలికి పోనిదే పొయ్యి రాజని యింట ఆ బోధ ఏమగును? కథ వ్యాపించినకొలది అత్తగారు ముందునకు వచ్చిరి, పేదరికము వెనుకకు జరిగినది.

ఈ ప్రశ్నలకు పెద్ద గణితము అక్కఱలేదు. తక్కెడలు కొనకముందే, ధాన్యపు గాదె తాళము ఎవరికడ నున్నదో, బిడ్డకు ఎవరు తినిపించుచున్నారో నాలుగు గ్రామములలో అడిగినచో తెలిసెడిది. బంగ్లా పథకమున బోధ ప్రధానముగా తల్లులకే ఉద్దేశింపబడినది. సంచి చేతబట్టి సంతకు పోవు మగవారికి అందు చోటు స్వల్పము.