చర్చకు మిగిలిన పది నిమిషాలు

సాహిత్య సదస్సుల ఆహ్వానపత్రాల్లో ఒక్కో వక్తకు ఇరవై నిమిషాలని అచ్చేస్తారు. ఆ లెక్క నిలవగా నేను చూడలేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి ఆలస్యం... చివరికి కోత పడేది చర్చకే. భోజనాలు చల్లారిపోతున్నాయని వేదిక మీదికి చీటీ వచ్చేదీ అప్పుడే. పత్రాన్ని తర్వాతైనా అచ్చులో చదువుకోవచ్చు. వెనక వరుసలోని అమ్మాయి అడగని ప్రశ్న ఏ సంచికలోనూ రాదు.

సభాధ్యక్షురాలి పని గంట కొట్టడమేనని నేననుకోను. 2018లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో పది దేశాల్లో 247 సెమినార్లను గమనించారు. ప్రశ్న అడిగేది పురుషుడయ్యే అవకాశం స్త్రీకన్నా రెండున్నర రెట్లకు పైనే. మొదటి ప్రశ్న పురుషుడు వేస్తే తేడా మరింత పెరిగింది. అవి సాహిత్య సభలు కావు గానీ మన సభలకు వెళ్ళేవాళ్ళెవరూ దీనికి ఆశ్చర్యపోరు. మైకు ముందు ఎవరికివ్వాలన్నది అధ్యక్షురాలు తీసుకునే నిర్ణయం.

ఆమధ్య ఒక కళాశాలలో స్త్రీవాద కవిత్వం సమావేశానికి అధ్యక్షత వహించాను. మొదటి మూడు ప్రశ్నలూ విద్యార్థినులవేనని ముందే ప్రకటించాను. అయినా ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, “ప్రశ్న కాదమ్మా, చిన్న వివరణ” అన్నారు. (ఈ చిన్న వివరణలు ఎంత పొడవుంటాయో మీకూ తెలుసు.) “తర్వాత మీకే ఇస్తానండీ” అని కూర్చోబెట్టాను. ఆయనకు కోపం వచ్చింది.

అప్పుడు ఒక ఎం.ఏ. విద్యార్థిని లేచింది. మూడు పత్రాలూ ‘నీలిమేఘాలు’ (1993) దగ్గరే ఎందుకు ఆగిపోయాయి, గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ పేరు ఒక్కరూ ఎందుకెత్తలేదు అని అడిగింది. ఒక వక్త, మంచి విమర్శకురాలే, “వాళ్ళకి రేపు వేరే సెషన్ ఉంది కదా” అన్నారు.

ఆ రోజు చదివిన పత్రాలన్నిటికన్నా మన విమర్శ గురించి ఎక్కువ చెప్పింది ఆ జవాబే. కార్యక్రమ పత్రంలో గీసిన గీతే సాహిత్య చరిత్రలోనూ గీతవుతోంది. ఒక గదిలో స్త్రీలు, మరో గదిలో దళిత స్త్రీలు. మొదటి గదికి విశేషణం అక్కర్లేదు! అధ్యక్షురాలు తటస్థంగా ఉండాలంటారు. నేను ఉండలేదు. “వాళ్ళు అంటే ఎవరండీ?” అని అడిగి మైకు ఆ అమ్మాయికే తిరిగిచ్చాను. చర్చ నలభై నిమిషాలు సాగింది. భోజనాలు చల్లారాయి.

ఆ వేరే సెషన్ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి. ఊళ్ళకు బస్సులు బయల్దేరే వేళ.