ఉందో లేదో అడిగి తెలుసుకునే ఇంజిన్

నా శిష్యురాలు గేమ్ ఇంజిన్ల మీద తెలుగులో పుస్తకం రాసిందని విని రాతప్రతి తెప్పించుకున్నాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం కొద్దీ చదివాను. రెండోసారి తప్పులు పట్టాలని పెన్సిల్ చేతబట్టి చదివాను. పెన్సిల్ ఆగిపోయింది మాత్రం ఐదో అధ్యాయం దగ్గర.

గ్రాఫిక్స్ లైబ్రరీ దొరకనప్పుడు ఇంజిన్ ఏం చెయ్యాలన్నదే ఆ అధ్యాయం. ఇంజిన్ల గురించి రాసేవాళ్ళు నీడల గురించీ నీటి మీద మెరుపు గురించీ ఎంతైనా రాస్తారు. ఆట అసలు తెరుచుకోకపోతే ఎలా అన్న సంగతిని ఏ అనుబంధంలోనో ఒక పేరాతో దాటేస్తారు. ఈ అమ్మాయి అలా దాటెయ్యలేదు. పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం అదే, అలా ఉండటమే న్యాయం.

ఎందుకంటున్నానో చెబుతాను. 2011 ప్రాంతంలో నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసేవాణ్ణి. ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఆట తెచ్చి ఎక్కించాడు. తెరవగానే చిన్న పెట్టె వచ్చింది. డి3డిఎక్స్9_43.డిఎల్ఎల్ అనే ఫైలు కనబడలేదు, ప్రోగ్రాంను మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోవచ్చు అని అందులో ఉంది. వాడు చెప్పినట్టే మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాడు. చివరికి ఆ ఒక్క ఫైలూ ఉచితంగా ఇస్తామన్న ఏదో సైటు నుంచి దించి సిస్టమ్32లో పడేశాడు. దానితోపాటు వచ్చిన వైరస్ పెన్‌డ్రైవ్‌ల మీదుగా ల్యాబంతా పాకింది. రెండు ఆదివారాలు కూర్చుని మెషీన్లన్నీ ఫార్మాట్ చేశాను. కుర్రాణ్ణి గట్టిగా కోప్పడ్డాను కూడా. ఆ కోపం వాడి మీద కాదు, ఆట తయారుచేసినవాళ్ళ మీద రావలసింది. ఆ ఫైలు విండోస్‌లో భాగం కాదు. 2010 జూన్ డైరెక్ట్‌ఎక్స్ కిట్‌తో వచ్చింది. మెషీన్లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఉన్నా అది ఉండాలని లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాలర్‌ను ఆటతోపాటు ఇవ్వడం తయారీదారు పని. వాళ్ళు చెయ్యని పనికి ఆ పిల్లవాడు మాటపడ్డాడు.

అసలు చిక్కు ఎక్కడుందో ఈ రచయిత్రి విడమరిచి చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. లైబ్రరీని బిల్డ్ చేసేటప్పుడే ఇంజిన్‌కు కట్టేస్తే, అది ఉందో లేదో చూసేది ఆపరేటింగ్ సిస్టమ్ లోడరు. లేకపోతే లోడరే ఆపేస్తుంది. మనం రాసిన కోడ్‌లో ఒక్క వరుస కూడా నడవదు. నడవని ప్రోగ్రాం ఆటగాడికి ఏం చెప్పగలదు? అదే విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, లినక్స్‌లో డిఎల్‌ఓపెన్ పిలిచి మనమే అడిగామనుకోండి, లేదన్న జవాబు మన చేతికి వస్తుంది. అక్కణ్ణించి ఏం చెయ్యాలో మన ఇష్టం.

ఇందుకు ఆమె ఎంచుకున్న ఉదాహరణ 1997లో వచ్చిన క్వేక్ 2. ఐడి సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2001లో దాని సోర్సును బయటపెట్టారు కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. అందులో బొమ్మ గీసే భాగం మొత్తం విడి డిఎల్ఎల్. గ్రాఫిక్స్ కార్డు కోసం ఒకటి, కార్డు లేనివాళ్ళకు ప్రాసెసర్‌తోనే గీసేది మరొకటి. మొదటిది ఎక్కకపోతే ఇంజిన్ రెండోదానికి మారుతుంది. ఎక్కినా వెర్షన్ నంబరు సరిపోయిందో లేదో చూస్తుంది. నన్ను కదిలించింది మరో చిన్న సంగతి. మారేటప్పుడు సందేశాలు కనబడే కన్సోల్‌ను కిందికి దించుతుంది, ఏం జరిగిందో ఆటగాడి కంట పడాలని. దిగి రావడం ఒక ఎత్తు, దిగానని చెప్పడం ఒక ఎత్తు. చెప్పకుండా దిగితే ఆట ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియక మనిషి కొత్త కంప్యూటర్ కొనడానికి బయల్దేరతాడు.

ఫైలు ఉన్నంత మాత్రాన పనైపోదని కూడా ఆమె హెచ్చరించింది. విండోస్‌లో ఓపెన్‌జిఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ ఫైలు, ఓపెన్‌జిఎల్32.డిఎల్ఎల్, ఎప్పుడూ ఉంటుంది. కార్డు డ్రైవరు లేనప్పుడు అదే పలుకుతుంది, కానీ దానికి తెలిసింది 1.1 వెర్షన్ వరకే. పేరు అడిగితే జిడిఐ జనరిక్ అంటుంది. ఆ పేరు వినబడితే డ్రైవరు ఎక్కించుకోమని చెప్పాలి తప్ప ముందుకు పోకూడదు. లినక్స్‌లో ఇంకో తంటా. 64 బిట్ లైబ్రరీ డిస్కు మీద నిక్షేపంగా ఉంటుంది, 32 బిట్ ఆట మాత్రం లేదంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అందరూ డ్రైవరు కోసం వెతుకుతారు. కావలసింది 32 బిట్ ప్యాకేజీ.

ఈ గొడవంతా ఎందుకు, అన్ని లైబ్రరీలూ ఆటతోనే కట్టి ఇచ్చేస్తే పోలేదా అని నేనే ఒకప్పుడు క్లాసులో చెప్పాను. అది తప్పని ఈ పుస్తకం నిరూపించింది, ఒప్పుకుంటున్నాను. గ్రాఫిక్స్ లైబ్రరీ వెనుక ఉన్న డ్రైవరు ఆ మెషీన్లోని కార్డుకు సంబంధించినది. మన ఓపెన్‌జిఎల్ ఫైలు లిబ్‌జిఎల్‌ను అక్కడికి మోసుకుపోవడం పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడమే. సి ప్లస్ ప్లస్ రన్‌టైమ్ పాతది కట్టి ఇచ్చినా ఇబ్బందే. లినక్స్ మెషీన్లోని మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవరుకు కొత్తది కావాలి, ఆట వెంట వచ్చిన పాతది ముందు దొరుకుతుంది, డ్రైవరు ఎక్కదు. ఎర్రర్‌లో కనబడేది డ్రైవరు పేరు, తప్పు ఆటది.

2023 మార్చిలో వచ్చిన గోడో 4.0 ఇంజిన్ వల్కన్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీని ముందుకు తెచ్చినా, పాత కార్డుల కోసం ఓపెన్‌జిఎల్ దారిని ఉంచింది. వల్కన్ దొరకనప్పుడు తనంతట తానే ఆ దారికి మారడం తరువాతి వెర్షన్లలో వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా క్వేక్ 2 పద్ధతి నిలిచిందన్నమాట. మాక్ సంగతి మాత్రం ఈ పుస్తకంలో చాలా క్లుప్తంగా ఉంది. 2018లోనే ఆపిల్ ఓపెన్‌జిఎల్‌ను వదులుకుంటున్నట్టు ప్రకటించింది కదా, మలి ముద్రణలో దాన్ని పెంచాలని కోరుతున్నాను.

భాష గురించి ఒక మాట. లోడరును లోడరనే రాసింది, డ్రైవరును డ్రైవరనే రాసింది. ఎవరూ పలకని సంస్కృత సమాసాల జోలికి పోలేదు. డిగ్రీ రెండో ఏడు పిల్లలు ఒకరి సాయం లేకుండా చదువుకోగలరు.

ఈ పుస్తకం చదివి ఆట తయారుచేసే పిల్లలను నేను అడిగేది ఒక్కటే. విడుదల చేసేముందు, గ్రాఫిక్స్ డ్రైవరు ఎక్కించని పాత మెషీన్ ఒకటి ఎక్కడైనా సంపాదించి, దాని మీద మీ ఆటను ఒక్కసారి తెరిచి చూడండి.