మనిషి చెయ్యి పడిన చోట

ఇంజిన్ మార్చాక బండి సరిగ్గా నడవకపోతే అందరూ ముందు తిట్టేది ఇంజిన్నే. తుక్కు ఇంజిన్ అంటగట్టాడని అమ్మినవాణ్ణి, బిగించడం రాదని ఫిట్టర్ని తిట్టేసి, ఆ మీదట సామాన్లు మార్చడం మొదలుపెడతారు. ప్లగ్గులు, కాయిళ్లు, పెట్రోల్ పంపు, ఆఖరికి ఇంజిన్ కంప్యూటరైన ఈసీఎం. డబ్బు పోతూ ఉంటుంది, బండి మిస్సింగ్ కొడుతూనే ఉంటుంది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నేను చూసిన ఒక మేస్త్రిది వేరే దారి. "ఈ ఇంజిన్ పాత బండిలో బాగా నడిచిందా?" అని ముందు అడుగుతాడు. నడిచిందంటే ఇక ఇంజిన్ జోలికి పోడు. మనిషి చెయ్యి పడిన చోటికి పోతాడు. విప్పి బిగించిన నట్టు, కోసి అతికిన వైరు, పీకి పెట్టిన గొట్టం. జబ్బు అక్కడే దొరుకుతుందని ఆయన లెక్క.

నూజివీడు వైపు మామిడితోట ఉన్న ఒకాయన తెచ్చిన మారుతీ జిప్సీ మీద ఆయన పని చేస్తుంటే దగ్గరుండి చూశాను. 1985 చివర్లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చిన జిప్సీ, 1996లో 1298 సీసీకి పెరిగి జిప్సీ కింగ్ అయింది. అప్పటికీ కార్బురేటరే. 2000లో అదే 1.3 లీటర్ల ఇంజిన్ 16 వాల్వులతో, ఎంపీఎఫ్ఐ పెట్రోల్ ఇంజెక్షన్‌తో వచ్చింది. 60 హార్స్ పవర్ కాస్తా 80 అయింది. తోట ఆసామిది కార్బురేటర్ కాలం నాటి జిప్సీ కింగ్. దానికి 16 వాల్వుల ఇంజిన్ ఎక్కించారు. రెండూ ఒకే కుటుంబంలోవి కాబట్టి ఇంజిన్ కూర్చోవడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా దాని వెంట వచ్చే వైరింగ్‌తో, సెన్సర్లతో, ఈసీఎంతో. పాత బాడీలో వాటికంటూ కట్టిన చోటే లేదు. వైర్లు చాలకపోతే ముక్కలు అతకాలి, గొట్టాలు కలవకపోతే మూతలు పెట్టాలి.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుందట. వేడెక్కాక సైలెన్సర్‌లోంచి నల్లపొగ, పెట్రోల్ వాసన. గేటు దగ్గర ఆపితే ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది. ఒక్కోసారి సెల్ఫ్ కూడా నీరసంగా తిరుగుతుంది. వేరే చోట స్కానర్ పెట్టి చూస్తే కోడ్ ఏమీ రాలేదు. "కోడ్ లేదంటే రోగం లేదనేగా మేస్త్రి గారూ?" అన్నాడు ఆసామి. "ఈసీఎంకి తెలిసిందే స్కానర్ చెబుతుంది బాబూ. దానికి తెలియనిది అదెలా చెబుతుంది?" అన్నాడు మేస్త్రి.

కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టించాడు. తను మాత్రం బానెట్ కింద యాక్సిలరేటర్ కేబుల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు. ఆ కేబుల్‌కీ సెల్ఫ్‌కీ ఏం సంబంధమో నాకు అప్పుడు తట్టలేదు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు ఇంజిన్ బ్లాకులోంచి బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి చేరాలి. అందుకోసం బ్లాకుకీ బాడీకీ మధ్య లావుపాటి ఎర్త్ పట్టీ ఉంటుంది. ఇంజిన్ దించినప్పుడు అది విప్పి, ఎక్కించాక బిగించడం మరిచిపోతే కరెంటు దొరికిన దారి పడుతుంది. యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, ఏది దొరికితే అది. అందుకే కేబుల్ వేడెక్కింది. వేలికి తెలిసిన దాన్ని మీటర్‌తో రూఢి చేసుకున్నాడు. ఒక కొస బ్లాకుకి, ఇంకో కొస బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాడు. వోల్టులో మూడో వంతు కూడా ఉండకూడని చోట ఒక వోల్టు దాటింది. కొత్త పట్టీ వేసి, అది కూర్చునే చోట రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బోల్టు బిగించాడు. ఎర్త్ సరిగా లేని బండిలో మీటర్ చూపే ఏ అంకెనూ నమ్మడు కాబట్టి, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే.

సెల్ఫ్ హుషారుగా తిరిగింది. ఐడ్లింగ్ ఊపు మాత్రం పోలేదు. అప్పుడు వ్యాక్యూమ్ గేజి తీశాడు. గోడ గడియారంలా గుండ్రంగా ఉండే ఈ పాత సాధనాన్ని ఇప్పుడు చాలా షెడ్లలో వాడటం మానేశారు. అది నష్టమేనని నా అభిప్రాయం. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న విజయవాడలో, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కి ఐడ్లింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలుస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తుకి అంగుళం చొప్పున తగ్గుతుంది. అదే ఇంజిన్ హైదరాబాద్‌లో అంగుళంన్నర, రెండంగుళాలు తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ముల్లు కదలకుండా బాగా కింద నిలిస్తే టైమింగ్ వెనకబడినట్టో, టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పినట్టో అనుమానించాలి. లెక్కగా ఒకే తీరున టిక్కుటిక్కుమంటే వాల్వుని చూడాలి. ఈ బండిలో అది ఐడ్లింగ్‌తో పాటే మెల్లగా ఊగుతోంది.

అంటే ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది. గాలి ఎక్కువైతే స్పీడు పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే స్పీడు హద్దు దాటేసరికి ఈసీఎం పెట్రోల్ ఆపేస్తుంది, స్పీడు పడిపోగానే మళ్లీ వదులుతుంది. ఆ ఆపడం, వదలడమే మన చెవికి ఊపులా వినిపిస్తుంది. లీకు కోసం కొందరు స్ప్రే కొట్టి చూస్తారు. వేడి మేనిఫోల్డ్ పక్కన మండే ద్రవం వద్దంటాడు ఈయన. పట్టకారుకి గుడ్డ చుట్టి, మేనిఫోల్డ్ నుంచి వెళ్లే గొట్టాలని ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కాడు, మార్పు లేదు. ఇంకోటి నొక్కాడు, లేదు. కార్బన్ క్యానిస్టర్ నుంచి రావలసిన గొట్టం ఈ బండిలో లేదు కాబట్టి ఆ ముక్కుకి రబ్బరు టోపీ పెట్టి వదిలేశారు. దాన్ని నొక్కగానే ముల్లు పైకి లేచి నిలిచిపోయింది. టోపీ తీసి చూపించాడు. పైకి కొత్తదానిలా ఉంది. కంటికి ఆనని అడుగువైపు నిలువునా చీలింది.

ఇక మిగిలింది నల్లపొగ. ఆయన గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపించింది. ఇంజిన్ నీళ్ల వేడి చెప్పే సెన్సర్ ఒకటుంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ రెండున్నర వేల ఓములకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, 80 డిగ్రీలకి 300 దగ్గరికి దిగుతుంది. ఇంజిన్ వేడి మీద సెన్సర్ కప్లర్ పీకి కొలిస్తే 300 చిల్లర వచ్చింది. సెన్సర్ భేషుగ్గా ఉంది. చాలామంది ఇక్కడితో దాన్ని వదిలేస్తారు. ఈయన కప్లర్ తిరిగి పెట్టి, డ్యాష్‌బోర్డు కిందికి దూరి, ఈసీఎం వైపు ప్లగ్ పీకి, అక్కడికి వచ్చే ఆ రెండు వైర్ల మధ్య కొలిచాడు. దాదాపు 2400. ఆ తేడా మొత్తం మధ్యలోని వైరుదే. ఈసీఎం డ్యాష్‌బోర్డు కింద పెట్టడంతో వైర్లు చాల్లేదు. మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ అతుకు పచ్చగా చిలుము పట్టింది. ఎండ 40 దాటే ఊళ్లో, ఇంజిన్ 80 డిగ్రీల మీద కాగుతుంటే, ఈసీఎంకి మాత్రం 20 డిగ్రీల చలికాలపు తెల్లవారుజామని కబురు అందుతోంది. చలిలో ఇంజిన్‌కి ఎంత పెట్రోల్ కావాలో అంతా పోస్తోంది. 20 డిగ్రీలనేది జరగడానికి వీల్లేని సంగతి కాదు కాబట్టి కోడ్ కూడా రాదు. ఈసీఎం తప్పు చెయ్యలేదు, సెన్సర్ తప్పు చెయ్యలేదు. రెండిట్లో ఏది మార్చినా ఆ డబ్బు వృథా అయ్యేది.

దొరికిన అతుకు ఒక్కటే బాగుచేసి ఊరుకోలేదు. టేపంతా విప్పి ప్రతి అతుకూ తెరిచాడు. వైర్లని వేరువేరు పొడవుల్లో కోశాడు, అతుకులన్నీ ఒకే చోట ముడిలా పడకుండా. కలిపి, టంకం పెట్టి, స్లీవు తొడిగి వేడి చూపించి బిగించాడు. రేస్ చేసినప్పుడు ఇంజిన్ ఫౌండేషన్ల మీద పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరుగుడుకి సరిపడా వైరు వదులుగా ఉంచి, ఎగ్జాస్ట్‌కి దూరంగా క్లిప్పులు వేశాడు. బానెట్ మూస్తే ఎవరికీ కనపడని పని అది. అంత శ్రద్ధ పెట్టిన చేతిని చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది.

పెట్రోల్ ప్రెషర్, కంప్రెషన్ కూడా చూశాడు గానీ వాటిలో తేడా ఏమీ లేదు. బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, వేడి మీదే ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. సెల్ఫ్ తిరిగీ తిరగకముందే అందుకుంది. ప్లగ్గులు తీస్తే మసి పోయి గోధుమ రంగు తిరుగుతున్నాయి.

బిల్లులో సామాను కింద పడింది ఎర్త్ పట్టీ, రబ్బరు టోపీ, కాస్త వైరు, స్లీవు. లేబర్ అంకె చూసి ఆసామి మొహం ముడుచుకున్నాడు. కొత్త ఈసీఎం వేసి దానికి పదింతలు అడిగి ఉంటే మారుమాట్లాడకుండా ఇచ్చేవాడేమో. కనిపెట్టడానికి పట్టిన సమయానికి వెల కట్టడం మనకింకా అలవాటు కాలేదు. మేస్త్రి అంకె తగ్గించలేదు. తగ్గించనందుకు నాకు సంతోషమైంది. ఇంజిన్ మార్పుకి ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోమని, 500 కిలోమీటర్లు తిరిగాక వస్తే ఫౌండేషన్ బోల్టులూ గొట్టాల క్లాంపులూ ఇంకోసారి బిగిస్తానని, దానికి డబ్బులక్కర్లేదని చెప్పి తాళాలు ఇచ్చేశాడు.